పంక్చరైతే ఎట్లా?

పల్లేరు కాయ ఎట్లా పడినా ముల్లు పైకే ఉంటుంది. పండి ఎండిన కాయ ఐదు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కకి మేక కొమ్ముల్లాగా రెండు పెద్ద ముళ్ళు. నేలమీద ఎటు పొర్లినా ఒకటి ఆకాశం వైపు చూస్తా ఉంటుంది. మొక్క చూస్తే పాపం అనిపిస్తుంది. నేలని కరుచుకుని పాకే తీగ, చింతాకులాంటి చిన్న ఆకు, ఐదు రేకుల పసుప్పచ్చ పువ్వు. ఆయుర్వేదం వాళ్ళకి ఇది గోక్షురం, మందు. అమెరికాలో సైకిల్ తొక్కేవాళ్ళకి పంక్చర్ వైన్. ఆ కాయకి వాళ్ళు పెట్టుకున్న పేరు గోట్‌హెడ్, మేక తల. అక్కడి పొలాల్లోనూ రోడ్లమీదా దీని బాధ పడలేక 1961లో దీన్ని తినే రెండు రకాల ముక్కుపురుగుల్ని తీసుకెళ్ళి వదిలారు. ఆ పురుగుల సొంతూళ్ళు ఇండియా, ఫ్రాన్స్, ఇటలీ. అంటే ముల్లూ మన దగ్గరుంది, ముల్లుని తినేదీ మన దగ్గరే ఉంది. అయినా పుంగనూరు చెరువుకట్ట మీద నా టైరులోంచి ఒక్క పొద్దున తొమ్మిది ముళ్ళు లాగాను. పురుగులు ఏం చేస్తున్నట్టో.

మాది పుంగనూరు పక్క పల్లె. ఉద్యోగం బెంగళూరులో. నెలకి రెండుసార్లు ఊరికి వస్తాను, వచ్చినప్పుడల్లా సైకిల్ తొక్కుతాను. మదనపల్లె దాకా తారురోడ్డు మీద పోయి, వచ్చేటప్పుడు పల్లెల మధ్య గరుసు బాటలు పట్టుకుని రావడం నాకిష్టం. ఈమధ్య బెంగళూరు వాళ్ళు దీన్ని గ్రావెల్ రైడింగ్ అంటున్నారు. పాల క్యాన్లు కట్టుకుని ఇదే బాటన రోజూ పోయే మా చిన్నాయన దీనికి ఏ పేరూ పెట్టలేదు.

ఇన్నేళ్ళలో నన్ను దారిలో ఆపి మాట్లాడినవాళ్ళలో ఎక్కువమంది అడిగేది ఒకే ప్రశ్న. పడితే ఎట్లా అని కాదు. కుక్కలు తరిమితే, లారీ గుద్దితే అనీ కాదు. "పంక్చరైతే ఎట్లా?" అని. మగవాళ్ళు అడిగినప్పుడు అది నిజంగా పంక్చర్ గురించే. ఎంత ఖరీదు, గాలి ఎవరు కొడతారు, ట్యూబు ఈడ దొరుకుతుందా, అంతే. ఆడవాళ్ళు అడిగేది వేరే. చింతచెట్టు కింద వేరుశనగ వొలుస్తా కూర్చున్న ఒకామె అడిగింది: "వొంటిగా పోతాండావు గదా పాపా, మద్దిలో గాలి పోతే ఎట్ల?" సైకిల్ కదులుతున్నంతసేపూ నాకేం కాదని ఆమెకి తెలుసు. ఆగడం గురించే ఆమె భయమంతా. ఆడమనిషి రోడ్డుమీద పోతా ఉంటే పనిమీద పోతున్నట్టు. రోడ్డుపక్కన నిలబడితే లెక్క మారిపోతుంది.

మా అమ్మ ప్రశ్న కూడా ఇదే. కాకపోతే ఆమె ప్రశ్నలాగా అడగదు. "ఫోన్ చెయ్యి, ఆటో పంపిస్తా" అంటుంది.

చిన్నప్పుడు మాకు ఆటో అనే మాటే లేదు. హైస్కూలు నాలుగు కిలోమీటర్లు. ఇంట్లో ఒకే సైకిలు, ఎవరో వాడి అమ్మేసిన లేడీస్ సైకిలు. అక్క తొక్కేది, నేను వెనక క్యారియర్ మీద. గాలి తగ్గినప్పుడు నన్ను దిగి నడవమనేది, తనూ దిగేది. బస్టాండు దగ్గర పంక్చర్ షాపు. ఆ షాపు ముందు బెంచీ మీద ఎప్పుడూ నలుగురు మగవాళ్ళు. వాళ్ళలో సైకిల్ ఉన్నవాడు ఒకడైనా ఉంటే గొప్ప. మేం సైకిల్ని అక్కడ నిలబెట్టి, రోడ్డు దాటి అవతల కిరాణా కొట్టు గోడ నీడన నిలబడేవాళ్ళం. పని అయిందని ఆయన చెయ్యి ఊపేదాకా అక్కడే. లోపల ఏం జరుగుతుందో దూరం నుంచి కనబడేది కాదు. ఇనప తొట్టిలో నీళ్ళు, నల్లటి ట్యూబు, బుడగలు. మాకు తెలిసింది అంతే.

అక్క తొమ్మిది చివర్లోనో పది మొదట్లోనో ఉండగా సైకిల్ గాలి పోయింది. ఈసారి షాపుకి ఎవరూ తీసుకుపోలేదు. నాయనకి తీరిక లేదు, వయసొచ్చిన పిల్ల బస్టాండులో నిలబడకూడదు, నేను చిన్నదాన్ని. సైకిల్ పంచలో గోడకి ఆనించి ఉంది. ఒక వారం అక్క నడిచి పోయింది. తర్వాత రెండ్రోజులకి ఒకసారి. తర్వాత పోలేదు. ఆ ఎండాకాలం కుప్పం వైపు నుంచి సంబంధం వచ్చింది. పెళ్ళి పందిరి వేసేటప్పుడు అడ్డంగా ఉందని సైకిల్ని ఎవరో పశువుల కొట్టంలో పెట్టారు. దాని ముందు టైరు రిమ్ము కింద చప్పగా నలిగి, అట్లనే నేలకి అంటుకుపోయి ఉండింది. సైకిల్ వల్లనే చదువు ఆగిందని చెప్పను. మా ఇంట్లో దానికి చాలా కారణాలున్నాయి. కానీ ఎవరైనా అడిగితే అందరూ చెప్పే కారణం సైకిలే. "గాలి పోయె, బడి మానె" అని మా అవ్వ నవ్వతా చెప్పేది.

నాకు పంక్చర్ వెయ్యడం నేర్పింది మదనపల్లెలో ఒక తాత. నేను బి.టి. కాలేజీలో చదివే రోజులు. ఆ కాలేజీకి 1919లో టాగోర్ వచ్చాడని, జనగణమనని అక్కడే ఇంగ్లీషులోకి మార్చాడని అందరికీ తెలుసు. ఆ తాత షాపు గురించి తెలిసింది మాత్రం టమోటా మార్కెట్‌కి వచ్చే కూలీలకి. తెల్లవారుజామున మూడు నాలుగింటికి ట్రేలు ఎత్తడానికి చుట్టుపక్కల పల్లెల నుంచి సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు. దేశంలో పెద్ద టమోటా మార్కెట్లలో అదొకటి. 2023 జులైలో కిలో నూరు దాటినప్పుడు టీవీల వాళ్ళంతా అక్కడే ఉన్నారు. రేటు పడిపోయినప్పుడు రైతులు రోడ్డుమీద పారబోసిన టమోటాలమీద సైకిల్ జారితే ఎట్లా ఉంటుందో వాళ్ళకి తెలిసి ఉండదు.

"నేర్పిస్తావా తాతా" అని అడిగితే ఆయన ఒక్క నిమిషం చూసి, బెంచీమీద కూర్చున్నవాళ్ళని "లేవండ్రా, పాప కూర్చుంటాది" అని లేపాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే కనబడదు.

మొదట ఆయన టైరు ముట్టుకోలేదు. వేలు తడి చేసుకుని వాల్వు మీద పెట్టాడు. మన పాత సైకిళ్ళ వాల్వులో సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది, వాల్ట్యూబు. అగ్గిపుల్ల మందం. గాలి లోపలికి పోయేటప్పుడు వదులవుతుంది, బయటికి వచ్చేటప్పుడు బిగుసుకుంటుంది. అది ఎండకి పెళుసై చీలితే టైరు ఖాళీ. "సగం పంక్చర్లు పంక్చర్లు గాదు, ఇదే" అన్నాడు. రూపాయి కూడా చెయ్యని రబ్బరు ముక్క. పంక్చరని చెప్పి ఇది మార్చి డబ్బులు తీసుకునేవాళ్ళు ఉన్నారని కూడా చెప్పాడు. తను తీసుకుంటాడో లేదో చెప్పలేదు.

తర్వాత టైరు ఒక పక్క విప్పి, ట్యూబు లాగి, గాలి కొట్టి, తొట్టిలో జానెడు జానెడు ముంచుతా పోయాడు. బుడగ వచ్చినచోట అగ్గిపుల్ల గుచ్చాడు. మార్క్ పెన్నుతో చుట్టూ గీత గీసుకునే నాలాంటివాళ్ళని చూస్తే నవ్వుతాడేమో. ట్యూబు తుడిచి, ఆకురాయితో గీకాడు. నలుపు నిగనిగ పోయి బూడిదరంగు వచ్చేదాకా. సొల్యూషన్ పూశాడు. పూసి, పక్కన పెట్టి, బీడీ ముట్టించాడు.

ఇక్కడే అసలు పాఠం. నేను ప్యాచ్ అందిస్తే తీసుకోలేదు. "ఆరనియ్." తడి మీద అంటిస్తే పైకి అంటినట్టే ఉంటుంది, గాలి నిండి ఎండకి వేడెక్కినప్పుడు లేచిపోతుంది. సొల్యూషన్ జిగురు కాదు. అది రబ్బరుని కొంచెం కరిగించి ప్యాచ్‌లోని రబ్బరుతో కలిపేస్తుంది. అందులోని ద్రవం ఆవిరై పోయాకే ఆ పని జరుగుతుంది. వేలు పెడితే అంటీ అంటకుండా ఉండాలి. ఆయన లెక్కలో అది సగం బీడీ. నేను బీడీ తాగను కాబట్టి ఫోన్లో మూడు నిమిషాలు పెట్టుకుంటాను. ఇప్పటికీ తొందర ఎక్కువైనప్పుడు ఆ సగం బీడీ గుర్తు చేసుకుంటాను.

ఆరేలోపు ఆయన టైరు లోపల చెయ్యి పెట్టి చుట్టూ తిప్పాడు. ముల్లు ట్యూబుని గుచ్చి పోదు, టైరులోనే ఉంటుంది. అది తియ్యకుండా కొత్త ట్యూబు వేస్తే పది అడుగుల్లో మళ్ళీ పోతుంది. నేను వేళ్ళ బదులు చిన్న దూది ఉండ వాడతాను, ముల్లుకి దూది పట్టుకుంటుంది, వేలు తెగదు. ఇంకో అలవాటు కూడా పెట్టుకున్నాను. టైరు మీద కంపెనీ పేరు ఎప్పుడూ వాల్వుకి ఎదురుగా వచ్చేట్టు ఎక్కిస్తాను. అప్పుడు ట్యూబులో బొక్క వాల్వు నుంచి ఎంత దూరంలో ఉందో చూస్తే, టైరులో ముల్లు ఎక్కడుందో వెతుక్కోకుండా తెలుస్తుంది. ఇది తాతకి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. మొన్న పోతే ఆ షాపు చోట మొబైల్ రీచార్జి కొట్టు ఉంది.

ఇప్పుడు నా సైకిల్ సంగతి. అల్యూమినియం గ్రావెల్ బైకు, 40 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు. ట్యూబులు లేవు, లోపల తెల్లటి పాలలాంటి సీలెంట్. పల్లేరు గుచ్చితే ఆ పాలు బొక్కలోకి వచ్చి గడ్డకడతాయి. ముల్లు లాగితే ఒక బుస్సు, రెండు చక్రం తిప్పులు, అయిపోయింది. తొమ్మిది ముళ్ళ పొద్దున నేను ఇంటికి తొక్కుకుంటూనే వచ్చాను. అంత గొప్ప వస్తువు. కానీ మన ఎండకి రెండు మూడు నెలల్లో ఎండిపోయి లోపల రబ్బరు తొక్కలాగా అవుతుంది. చూసుకోకపోతే ఉందనుకున్నది ఉండదు. పెద్ద కోత పడితే ఎట్లాగూ ఆగదు. అందుకని ట్యూబ్‌లెస్ అయినా నా సీటు కింద సంచీలో రెండు ట్యూబులుంటాయి. ప్లాస్టిక్ లివర్లు మూడు (రెండు చాలు, ఒకటి విరగడానికి), చేతి పంపు, ప్యాచ్‌ల డబ్బా, చిన్న ఉప్పుకాగితం ముక్క, దూది, ఒక ఇత్తడి అడాప్టరు. ఈ చివరిది పావలా బిళ్ళంత కూడా ఉండదు. నా సైకిల్ వాల్వు సన్నటి ప్రెస్టా. మన పంక్చర్ షాపుల్లో ఉండేవి లారీల, మోటారు సైకిళ్ళ కంప్రెసర్లు. అడాప్టరు లేకపోతే ఊరినిండా గాలి ఉన్నా నాకు అందదు.

ఇంకా ఒక పది రూపాయల నోటు. టైరు గోడ కోసుకుపోతే ట్యూబు ఆ కోతలోంచి పొక్కులాగా బయటికి వస్తుంది. నోటు నాలుగు మడతలు పెట్టి లోపల అడ్డం పెడితే ఇల్లు చేరొచ్చు. కాగితం నోటు మంచి గట్టిది. యూపీఐ వచ్చాక నేను నోటు దగ్గర పెట్టుకునేది దీనికోసమే.

గేర్ల గురించి జనాలు గంటలు మాట్లాడతారు. నా అభిప్రాయం చిన్నది. మదనపల్లె చుట్టుపక్కల తొక్కేవాళ్ళకి ఎంత తేలిక గేరు ఉంటే అంత మంచిది. హార్స్‌లీ హిల్స్ ఎక్కినవాళ్ళకి వివరించక్కర్లేదు. ఏనుగు మల్లమ్మ కొండని కడప కలెక్టరు హార్స్‌లీ తన పేరున చేసుకున్నాడు. పైన 1859లో నాటిన యూకలిప్టస్ ఇంకా ఉంది, దాని పేరు కళ్యాణి. ఘాట్‌లో మలుపులు తిరుగుతా పోతుంటే చెట్ల వాసనకి ముందు మన చెమట వాసనే తెలుస్తుంది. అక్కడ వేగం గురించి ఆలోచించేవాళ్ళు నాకు తెలీదు. దిగేటప్పుడు బ్రేకులు, టైర్లలో గాలి, ఈ రెండే. నేను 40 పీఎస్‌ఐ దాటించను. పక్క షాపులో లారీ కంప్రెసర్‌తో "గట్టిగా కొడతా అక్కా" అన్న పిల్లోడి చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది ఒకసారి.

దూరపు రైడ్లు చేసేవాళ్ళకి ఒక మాట ఇష్టం, సెల్ఫ్ సపోర్టెడ్. బ్రెవే అని రెండువందల కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కేవి ఉంటాయి. దారిలో ఎవరూ మనకోసం బండిలో సామాను తేకూడదు. కొట్టులో కొనుక్కోవచ్చు, షాపులో బాగుచేయించుకోవచ్చు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో 2006లో మొదలైన పెద్ద గ్రావెల్ పందెం ఉంది, ఇప్పుడు అన్‌బౌండ్ అంటారు. అక్కడి చెకుముకి రాళ్ళు టైర్లని కత్తిలాగా కోస్తాయి. వాళ్ళ కథలన్నీ ఎడారిలాంటి బాటలో ఒంటరిగా టైరు కుట్టుకోవడం గురించే. చదివితే భలే ఉంటాయి. కానీ వాళ్ళు ఎవరూ రాయని సంగతి, ఆ కుట్టుకునే ఇరవై నిమిషాలు ఎవరు వస్తారో అని వెనక్కి చూసుకోవడం. రాసేవాళ్ళు ఎక్కువగా మగవాళ్ళు కాబట్టి అనుకుంటాను.

ఆడవాళ్ళు రాసినవి కావాలంటే వెనక్కి పోవాలి. 1896లో మరియా వార్డ్ అనే న్యూయార్క్ ఆవిడ 'బైసిక్లింగ్ ఫర్ లేడీస్' అని పుస్తకం వేసింది. అందులో ఎట్లా ఎక్కాలి, ఎట్లా దిగాలితో పాటు ఆడవాళ్ళూ పనిముట్లూ అనే అధ్యాయమే ఉంది. సూది, కత్తెర పట్టినవాళ్ళు స్పానర్ పట్టలేకపోవడమేంటి అనేది ఆవిడ వాదన సారం. డన్‌లప్ గాలి టైరు కనిపెట్టింది 1888లో. అంటే గాలి టైరు వచ్చిన ఎనిమిదేళ్ళకే, పంక్చర్ ఎవరు వెయ్యాలనేది ఆడవాళ్ళ ప్రశ్న అయిపోయింది.

మన దగ్గరా పెద్ద ప్రయత్నాలు జరిగాయి. తొంభైల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో కలెక్టరు షీలారాణి చుంకత్ అక్షరాస్యత ఉద్యమంలో సైకిల్ నేర్పడం కలిపారు. వేలమంది ఆడవాళ్ళు రోడ్లమీదికి వచ్చారు, పి. సాయినాథ్ దానిమీద రాశారు. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదిలో చేరే ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోవడానికి డబ్బులిచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు, మగపిల్లలతో తేడా 40 శాతం తగ్గింది. బడి దూరంగా ఉన్న ఊళ్ళలోనే మార్పు ఎక్కువ. ఈ పేపరు నేను ఆఫీసులో కూర్చుని రెండుసార్లు చదివాను. నాలుగు కిలోమీటర్లు అనే అంకె నాకు గ్రాఫులో కాదు, పిక్కల్లో తెలుసు. చదువుతున్నంతసేపూ నా బుర్రలో ఒకటే. ఆ సైకిళ్ళకి గాలి ఎవరు కొట్టారు? పంచలో నిలబడిపోయినవి ఎన్ని? పేపరు పని అది కాదులే.

గత డిసెంబరులో పుంగనూరు నుంచి కుప్పానికి పోయాను, అక్క వాళ్ళింటికి. పలమనేరు, వి.కోట, శాంతిపురం మీదుగా ఎనభై తొంభై కిలోమీటర్లు. తెల్లవారి మంచులో పలమనేరు దాకా చలి. ఆ వైపు కౌండిన్య అభయారణ్యం, ఏనుగులున్నాయి జాగ్రత్త అని బోర్డులు. మా అమ్మకి ఆ బోర్డుల గురించి నేనెప్పుడూ చెప్పలేదు. వి.కోట దాటాక మల్బరీ తోటలు. పట్టుపురుగుల షెడ్ల దగ్గర ఆకు గంపలు ఎత్తుకుని ఆడవాళ్ళు, వాళ్ళలో కొందరు నన్ను చూసి నవ్వారు, ఒకామె "యాడికి మే?" అని అరిచింది. "కుప్పానికక్కా" అంటే "అబ్బో" అంది.

కుప్పానికి ఇంకో పదిహేను కిలోమీటర్లుండగా వెనక టైరు పోయింది. ఇది పల్లేరు కాదు. కుప్పం చుట్టూ గ్రానైట్. లారీల నుంచి రాలిన రాతిపెళ్ళ ఒకటి టైరు గోడని గోరంత కోసింది. సీలెంట్ తెల్లగా చిమ్ముతా ఉంది, నా కాళ్ళనిండా. దగ్గర్లో ఊరు లేదు. ఒక కానుగ చెట్టు ఉంది.

సైకిల్ బోర్లా పెట్టి చక్రం విప్పేలోపు మోటారుసైకిల్ మీద ఇద్దరు వచ్చి ఆగారు. ఇరవై, ఇరవై రెండేళ్ళవాళ్ళు. ఇంజను ఆపలేదు. "ఏమైందక్కా?" "పంక్చర్." "బండెక్కు, కుప్పంలో దించుతాం. సైకిల్ వీడు పట్టుకుంటాడు." "వద్దు తమ్ముడూ, పది నిమిషాల్లో అయిపోద్ది." వాళ్ళు పోలేదు. ఇంజను ఆపారు. దిగారు. నా చేతుల్లో వేగం పెరగడం నాకే తెలిసింది. లివర్ రెండోసారికి పట్టింది. టైరు లోపల తుడిచి, పది రూపాయల నోటు మడిచి కోత మీద పెట్టి, ట్యూబుకి కొంచెం గాలి ఊది లోపలికి తోశాను. వాళ్ళలో ఒకడు పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నోటు ఎందుకక్కా?" చెప్పాను. "చినిగిపోదా?" "పోదు." ఇంకోడు ఫోన్ తీశాడు. నేను తలెత్తి చూశాను. వాడు ఫోన్ని జేబులో పెట్టేసుకున్నాడు. వీడియో తియ్యాలనుకున్నాడో, టైం చూసుకున్నాడో. పంపు కొట్టేటప్పుడు మొదటివాడు "ఇయ్యక్కా నేను కొడతా" అని రెండు చేతులూ చాచాడు. ఇచ్చాను. వాడు కొడుతుంటే నేను బొటనవేలితో టైరు నొక్కి చూస్తా "ఇంకా, ఇంకా, చాలు" అన్నాను. పోయేటప్పుడు "ఎంతక్కా ఈ సైకిలు?" అనడిగాడు. సగం ధర చెప్పాను. అదికూడా నమ్మలేదు.

మంచి పిల్లలే. అది వాళ్ళు పోయాక తెలిసింది. ముందు తెలియదు కదా. ఆ పది నిమిషాల్లో నాకు ధైర్యం ఇచ్చింది వాళ్ళ మంచితనం కాదు, తర్వాత చెయ్యాల్సింది ఏంటో చేతులకి తెలిసి ఉండటం. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు కాబట్టే, పంపు ఇవ్వగలిగాను.

అక్క వాళ్ళింట్లో అక్క కూతురు నాకోసం ఎదురుచూస్తా ఉంది. తొమ్మిదో తరగతి. దాని సైకిల్ వాకిట్లో స్టాండు వేసి ఉంది, ముందు టైరు చప్పగా. "చిన్నమ్మా, రెండ్రోజులైంది. నాయన టౌనుకు తీస్కపోతానంటాడు, పోడు." నేను స్నానం కూడా చెయ్యలేదు. వాకిట్లోనే కూర్చున్నాం. బకెట్లో నీళ్ళు తెమ్మన్నాను. ఉప్పుకాగితం, ప్యాచ్‌లు బయట పరిచాను. అది పెళ్ళికి నగలు చూసినట్టు ఒక్కొక్కటే ఎత్తి చూస్తా ఉంది.

అక్క కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడింది. నేను లివర్ తీసి టైరు కిందికి పెట్టబోతుంటే, "ఉండు" అంది. గ్లాసు గడప మీద పెట్టి, వంగి, నోట్లో వేలు తడి చేసుకుని వాల్వు మీద పెట్టింది. నా పంపుతో రెండు దెబ్బలు కొట్టమని కూతురికి చెప్పింది. అది కొట్టింది. అక్క వేలి పక్కన చిన్న బుడగ.

"వాల్ట్యూబు" అంది. "పంక్చర్ గాదు. విప్పద్దు."

నేను చూస్తా ఉండిపోయాను. "నీకెవరు నేర్పించినారే?"

"కొట్టు గోడ కాడ నిలబడి నువ్వు చాక్లెట్లు చూస్తాంటివి. నేను షాపు చూస్తాంటిని." వాల్వు నట్టు తిప్పి, చీలిపోయిన రబ్బరు గొట్టం గోటితో లాగి కూతురి అరచేతిలో పెట్టింది. "మన సైకిల్‌కి అప్పుడు పోయింది గూడా ఇదే."

"మరి చెప్పలేదా?"

"చెప్పినా. వాల్ట్యూబు తెచ్చియ్యండి, నేనే ఏసుకుంటా అంటి." అక్క కాఫీ గ్లాసు తీసి నాకిచ్చింది. "చల్లారిపోతాది, తాగు."

నా సంచీలో వాల్ట్యూబు లేదు, నా సైకిల్‌కి దాంతో పని లేదు. కూతురు చెప్పులేసుకుని, రెండు రూపాయలు తీసుకుని, వీధి చివర కిరాణా కొట్టుకి పరిగెత్తింది. అక్కడ ఇంకా అమ్ముతారట. "రెండు తే, ఒకటి ఇంట్లో పెట్టుకుందాం" అని అక్క వెనకనుంచి కేకేసింది.